లీష్ కట్టిన కుక్కకి పారిపోయే దారి ఉండదు

(హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో, కుక్కల్ని పెంచుకుంటున్న కుటుంబాల కోసం ఒక కుక్కల శిక్షకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా కలిపాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఇందాక గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు, "కుక్కల మీటింగ్ అన్నారు, ఒక్క కుక్కా రాలేదేంటి మేడమ్?" అని. తీసుకురావద్దని చెప్పింది నేనే. మీ అందరి కుక్కలూ ఇంకో కుక్కని చూస్తే మొరిగేవే. అన్నిటినీ ఈ హాల్లోకి తెస్తే ఇక నేను మాట్లాడే పనే ఉండదు. (నవ్వులు)

మీలో చాలామంది కథ నాకు ఫోన్లోనే తెలిసింది, అందరిదీ దాదాపు ఒకటే. ఇంట్లో బంగారం. సోఫా పక్కన పడుకుంటుంది, పెరుగన్నం కలిపేదాకా బుద్ధిగా కూర్చుంటుంది. బెల్టు వేసి గేటు దాటించగానే మనం పెంచిన కుక్కేనా అనిపిస్తుంది. ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తే చాలు, వెనక కాళ్ళ మీద లేచి, లీష్, అదే మన చేతిలో ఉండే తాడు, తెగిపోయేలా లాగి, గొంతు చించుకుంటుంది. దానికంటే ఎక్కువ బాధపెట్టేది చుట్టుపక్కల వాళ్ళు మనవైపు చూసే చూపు. కుక్కని అదుపులో పెట్టుకోవడం చేతకాదు గానీ పెంచడం ఎందుకు అన్నట్టు చూస్తారు. ఆ టెన్షన్ పడలేక రాత్రి పదకొండు దాటాక, వీధిలో ఎవరూ లేనప్పుడు దొంగల్లా వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఇక్కడే చాలామంది ఉన్నారు.

దీన్ని పొగరు అంటారు, కోపం అంటారు, ఇంటికి కాపలా కాస్తోంది అని గొప్పగా చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. నేను చూసిన కుక్కల్లో ఎక్కువ భాగం భయంతోనే మొరుగుతాయి. పట్టలేని ఉత్సాహంతో లాగేవి కొన్ని ఉంటాయి, వాటి సంగతి వేరు. ఇవాళ భయపడే కుక్క గురించే మాట్లాడతాను.

వీధి కుక్కలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఏం చేస్తాయో ఎప్పుడైనా ఆగి గమనించారా? నేరుగా మొహంలోకి చూస్తూ వెళ్ళవు. ఓరగా, వంపు తిరిగి వెళ్తాయి. ఒకటి మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఇంకొకటి ఏదో పోయినట్టు నేల వాసన చూస్తుంది. నచ్చకపోతే రోడ్డు దాటి అవతలికి పోతుంది. రోజుకి ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో లెక్కలేదు, పోట్లాట మాత్రం ఎప్పుడో గానీ రాదు. తప్పుకుని పోవడమే కుక్క మొదటి ఉపాయం. మనం ఆరడుగుల తాడు కట్టి, ఇరుకు గల్లీలో, ఎదురెదురుగా నడిపిస్తాం. వంపు తిరిగే చోటు లేదు, వెనక్కి పోయే వీలు లేదు. తను పోలేనప్పుడు ఎదుటిదాన్ని పొమ్మనడం తప్ప దానికి ఇంకో దారి ఏముంది? అందుకే మొరుగుతుంది. మొరగగానే అవతలి యజమాని కంగారుపడి తన కుక్కని లాక్కుని వెళ్ళిపోతాడు. మన కుక్కకి అర్థమైందేంటి? మొరిగితే పోతాయి. రేపు ఇంకాస్త ముందుగా, ఇంకాస్త గట్టిగా మొరుగుతుంది. డెలివరీ అబ్బాయి విషయంలో జరిగేదీ ఇదే. అతను పార్సిల్ ఇచ్చి ఎలాగూ వెళ్ళిపోతాడు. కానీ కుక్క మాత్రం తనే తరిమేశానని అనుకుంటుంది, రోజుకి నాలుగైదు సార్లు గెలుస్తుంది.

కాబట్టి ఆ మొరుగుడు మీకు ఎలా వినిపించినా, అది అడుగుతున్నది దూరం. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ దూరాన్ని హైదరాబాద్ లాంటి ఊళ్ళో ఎలా సంపాదించాలన్నదే.

ముందు చూడటం నేర్చుకోవాలి. మా గంగి సంగతి చెప్తాను. మాదాపూర్‌లో బిల్డింగ్ పని జరుగుతున్న చోట దొరికిన నాటు కుక్క. మామూలుగా నోరు తెరిచి, నాలుక ఒక పక్కకి వేలాడేసి, తోక అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. దూరంగా ఇంకో కుక్క కనబడగానే మొదట జరిగేది మొరగడం కాదు. టక్కున నోరు మూసుకుంటుంది. రొప్పడం ఆగిపోతుంది. చెవులు ముందుకొస్తాయి, నుదుటి మీద చర్మం ముడత పడుతుంది, ఒంటి బరువంతా ముందుకాళ్ళ మీదికి వస్తుంది. తోక ఊగడం మానేసి నిటారుగా నిలబడుతుంది. వీపు మీద వెంట్రుకలు లేవడం ఆ తర్వాత. అక్కడి నుంచి మొరుగు బయటికి రావడానికి మహా అయితే రెండు మూడు సెకన్లు. మనం ఏం చేయగలిగినా ఆ రెండు మూడు సెకన్లలోనే చేయాలి. ఫోన్ చూస్తూ నడిచేవాళ్ళకి అవి దొరకవు.

ఇంకా ముందే కనిపించే గుర్తులున్నాయి. ఆకలి లేకపోయినా పెదాలు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కళ్ళలో తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనబడటం, తడవకుండానే ఒళ్ళు దులుపుకోవడం. తోక ఊపితే సంతోషంగా ఉన్నట్టే అనుకోకండి. 2007లో ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచి చూశారు. కుక్క తన యజమానిని చూస్తే తోక ఎక్కువగా కుడివైపుకి ఊగింది, తెలియని, పెత్తనం చేసే కుక్కని చూస్తే ఎడమవైపుకి. వీధిలో నిలబడి తోక కుడికా ఎడమకా అని చూడమని నేను చెప్పను, మీవల్ల కాదు, నావల్లా కాదు. తోక ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఒళ్ళంతా చూడండి.

అన్నిటికంటే నమ్మదగ్గ కొలబద్ద మన చేతిలోనే ఉంటుంది, చికెన్ ముక్క. ఇంట్లో ఎగబడి తినే కుక్క, బయట ముక్కు దగ్గర పెట్టినా తినలేదంటే మనం అప్పటికే చాలా దగ్గరికి వచ్చేశాం. తిన్నా, మన వేళ్ళు కొరికేంత గట్టిగా లాక్కుంటోందంటే హద్దు మీద ఉన్నాం. మెత్తగా, మామూలుగా తింటోందంటే ఆ దూరం సరిపోయింది. ఒక్కో కుక్కకి ఒక్కో హద్దు. ఒకదానికి ఇరవై అడుగులు చాలు, ఒకదానికి వీధి చివర కనబడినా ఎక్కువే. అదే కుక్కకి నల్ల లాబ్రడార్ అయితే ఒక హద్దు, తెల్ల పొమేరియన్ అయితే ఇంకో హద్దు.

ఇక తినిపించడం ఎందుకో చెప్తాను. ఇది లంచం కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ అనే పిల్లాడి గురించి ఒక వ్యాసం అచ్చువేశారు. న్యూయార్క్‌లో జరిగిన పని. పిల్లాడికి మూడేళ్ళు కూడా నిండలేదు. కుందేలంటే భయం. తెల్ల ఎలుకన్నా, బొచ్చు కోటన్నా, దూదన్నా ఏడుపే. మొదట భయం లేని పిల్లలతో కలిపి ఆడించారు, కాస్త మెరుగుపడ్డాడు. ఇంతలో స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు ఆసుపత్రి పాలయ్యాడు. తీరా ఇంటికి పోదామని నర్సుతో టాక్సీ ఎక్కబోతుంటే, అటుగా పరిగెత్తుతున్న ఒక పెద్ద కుక్క వాళ్ళ మీదికి ఎగిరింది. అంతే, భయం మళ్ళీ మొదటికొచ్చింది. తిండి పద్ధతి మొదలుపెట్టింది ఆ తర్వాతే. పిల్లాణ్ణి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైనవి పెట్టారు. కుందేల్ని పంజరంలో పెట్టి, వాడు తినడం ఆపనంత దూరంలో ఉంచారు. మెల్లమెల్లగా దగ్గరికి జరిపారు. చివరికి పీటర్ కుందేల్ని నిమిరాడు, తన వేళ్ళు కొరకనిచ్చాడు.

నూరేళ్ళు దాటినా మనం చేసేది ఇదే. పిల్లాడి చోట కుక్క, కుందేలు చోట ఎదుటి కుక్క. "తినడం ఆపనంత దూరం" అన్న సంగతి మీద మొత్తం నిలబడి ఉంది. కోలుకుంటున్న పిల్లాడికి ఒక్క కుక్క ఎగరడంతో ఏమైందో అది కూడా గుర్తుంచుకోండి. మీ కుక్కకి ఒక్క చెడ్డ సాయంత్రం ఎదురై, వారం శ్రమ పోయిందని నాకు ఫోన్ చేసేవాళ్ళున్నారు. పోలేదు. రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, ఇంకా ఎక్కువ దూరం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

చేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఎదుటి కుక్క కనబడాలి, తర్వాత చికెన్ రావాలి. కుక్క కనుమరుగవగానే చికెన్ ఆగిపోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. దూరంగా కుక్కని తాము ముందు చూసి, కంగారుగా జేబులోంచి ముక్క తీసి మూతి ముందు పెడతారు. మన కుక్క తెలివైనదే. నాలుగు రోజులకి దానికి తెలిసిపోతుంది, ఈవిడ చికెన్ తీస్తోందంటే ఎక్కడో కుక్క ఉన్నట్టే. చికెన్ చూసి దిక్కులు చూడటం మొదలుపెడుతుంది. సరిగ్గా చేస్తే కొన్ని వారాలకి ఒక చిన్న మార్పు కనబడుతుంది. ఎదుటి కుక్కని చూసి, మొరగకుండా, తల తిప్పి మీ మొహంలోకి చూస్తుంది. ఏదీ నా ముక్క, అన్నట్టు. ఆ తల తిప్పడం చూశాక నాలుగడుగులు దగ్గరికి జరగొచ్చు. అంతకుముందు వద్దు.

ముక్కలు శనగ గింజంత చాలు. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించింది. శాకాహారుల ఇల్లయితే పనీర్. పొడి బిస్కెట్ ఇంట్లో పనికొస్తుంది గానీ వీధిలో ఎదుటి కుక్క ముందు దాని విలువ సున్నా. పెట్టినంత మేర రాత్రి అన్నంలో తగ్గించండి, లేకపోతే ధైర్యంతో పాటు బరువూ పెరుగుతుంది.

ఇంత దూరం ఎక్కడ దొరుకుతుంది అంటారు. నిజమే. డల్లాస్‌లో ఉన్న మీ అమ్మాయి పంపే వీడియోల్లో ఆ శిక్షకుడు "రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీదికి వెళ్ళండి" అంటాడు. మనకి ఇవతలి ఫుట్‌పాతే లేదు. అక్కడ ఎదురయ్యే ప్రతి కుక్కకీ ఒక తాడు, తాడుకి ఒక మనిషి ఉంటారు. ఇక్కడ సందు మలుపులో నాలుగు వీధి కుక్కలు తాడూ మనిషీ లేకుండా మన మీదికి వస్తాయి. కాబట్టి మన పద్ధతులు మనకుండాలి.

గల్లీల్లో కార్లు ఎక్కడపడితే అక్కడ పార్క్ చేస్తారని అందరూ తిట్టుకుంటారు. నాకు మాత్రం అవి దేవుడిచ్చిన అడ్డుగోడలు. ఎదురుగా కుక్క వస్తోంది, వెనక్కి తిరిగే టైం లేదు. రెండు కార్ల మధ్యలోకి దూరి, మనం బయటివైపు నిలబడి, లోపలివైపు నేల మీద ఓ గుప్పెడు ముక్కలు చల్లితే చాలు. కుక్కకి ఎదుటిది కనబడదు, తల కిందికి వంచి వాసన చూసుకుంటూ తింటుంది. తల దించి వాసన పట్టే కుక్క కాస్త నెమ్మదిస్తుంది. ఆ కుక్క దాటిపోయాక బయటికి రండి.

వెనక్కి తిరగడం ఇంట్లోనే నేర్పాలి. మాట ఏదైనా సరే, మేం "పద పద" అంటాం. హాల్లో నడుస్తూ నడుస్తూ ఉత్సాహంగా "పద పద" అని గిర్రున తిరిగి నాలుగడుగులు పరిగెత్తి ముక్క పెట్టడం. వంటింటి దగ్గర, వరండాలో, మెట్ల మీద, ఆటలా. నిజంగా అవసరమైన రోజున దానికి అది కంగారులా అనిపించకూడదు, ఆటే అనుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. నాన్నగారు "కమ్" అని, అమ్మ "ఇటు రా" అని, పిల్లలు ఈల వేసి పిలిస్తే అది ఎవరి మాట వింటుంది?

వీధి కుక్కల సంగతికి వద్దాం. 2023లో కేంద్రం తెచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ నిబంధనల ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. చెవి కొంచెం కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు. దీని మీద మీ అభిప్రాయం ఏదైనా, మనకి ఇందులో ఒక లాభముంది. అవే కుక్కలు, అదే చోట ఉంటాయి. టీ కొట్టు దగ్గర గుంపు ఎక్కడి దాకా వస్తుందో, ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఎందుకు రాదో వారం గమనిస్తే తెలిసిపోతుంది. ముందు కుక్క లేకుండా మీరొక్కరే రెండు మూడు రోజులు ఆ దారిలో నడవండి. ఏ కుక్క ఏ కారు కింద పడుకుంటుందో, ఏది గోల చేస్తుందో, ఏది పట్టించుకోదో చూసుకోండి. వాటికి తిండి పెట్టేవాళ్ళతో పరిచయం పెంచుకోండి. మీ వీధి గురించి కార్పొరేటర్ కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. (నవ్వులు)

అవే నిబంధనల్లో ఇంకో ముక్క ఉంది, అసోసియేషన్ వాళ్ళు కూడా వినాలి. వీధి కుక్కలకి తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే చోట్లకి, గేట్లకి, మెట్లకి దూరంగా ఉండాలని ఉంది. మీ మెయిన్ గేటు పక్కనే గిన్నెలు కనబడ్డాయి నాకు. అంటే మీ కుక్క వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా ఇంకొకరి భోజనాల మధ్యలోంచి వెళ్తోంది. ఆ గిన్నెలు వెనక గోడ దగ్గరికి మారిస్తే మీ సగం సమస్య అక్కడే తీరిపోతుంది. పెట్టేవాళ్ళతో పోట్లాడకండి, చోటు మార్చమని అడగండి, మీరూ ఒక రోజు అన్నం పట్టుకెళ్ళండి.

వీధి కుక్క దగ్గరికి వచ్చేసినప్పుడు? వంగి రాయి తీసినట్టు నటిస్తే అది ఆగిపోతుందని మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. పనిచేస్తుంది కూడా. కానీ మీరు పెంచుతున్నది వీధి నుంచి తెచ్చిన కుక్కయితే దానికీ ఆ వంగడం తెలుసు. నేను చెప్పుల పట్టీ సరిచేసుకుందామని వంగినా గంగి పొట్ట నేలకి ఆనించి పాకుతుంది. అలాంటి కుక్క పక్కన మీరు రాయి కోసం వంగితే ఎదుటిది ఒకడుగు వెనక్కి వేస్తుంది, మీది వంద అడుగులు పారిపోవాలని చూస్తుంది. దాని బదులు మీ కుక్కని వెనక్కి పెట్టుకుని మధ్యలో నిలబడండి. అరచెయ్యి ముందుకి చాపి, కీచుగా కాకుండా బరువైన గొంతుతో "హే, పో" అనండి. ఇంకో జేబులో పెట్టుకున్న చవక బిస్కెట్లు దాని వెనక్కి పడేలా విసిరేయండి. అది తిరిగి తినేలోపు మనం నడుచుకుంటూ తప్పుకోవాలి. పరిగెత్తొద్దు. ఇద్దరు వెళ్ళగలిగితే ఇంకా మంచిది, ఒకరు మన కుక్కని చూసుకుంటారు, ఇంకొకరు వీధిని చూసుకుంటారు.

లిఫ్ట్ గురించి అందరూ అడుగుతారు. పెంపుడు జంతువుల్ని లిఫ్ట్ ఎక్కనివ్వబోమని అసోసియేషన్ అనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. హక్కుంది, బాగానే ఉంది. మీ కుక్కకి ఆ హక్కు కావాలా అన్నది వేరే విషయం. నాలుగడుగుల పెట్టె, తలుపు తెరుచుకుంటే ఎవరుంటారో తెలియదు, పారిపోయే దారి అసలే లేదు. మూడో అంతస్తు దాకా అయితే మెట్లెక్కండి. పైన ఉంటే, లోపల ఎవరైనా ఉంటే "మీరు వెళ్ళండి, మేం తర్వాత వస్తాం" అని వదిలేయండి. ఎక్కాక కుక్క మూలన, మీరు తలుపుకీ దానికీ మధ్యన. ప్రతి ఫ్లోర్లో తలుపు తెరుచుకోగానే ఒక ముక్క.

సామాన్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ఇనుప గొలుసు తీసేయండి, బరువూ, చప్పుడూ. లాగితే సాగే, బటన్ నొక్కితే ఆగే లీష్ అసలొద్దు. ఆరడుగుల మామూలు లీష్, ఛాతీ ముందు కూడా రింగ్ ఉన్న హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ. భయపడే కుక్క ముందుకి లాగడం కంటే వెనక్కి జారుకోవడంలో దిట్ట, మెడ బెల్టులోంచి తల తీసేసుకుని క్షణంలో మాయమవుతుంది. అందుకని హార్నెస్‌కీ మెడ బెల్టుకీ కలిపి తగిలించండి, బెల్టు మీద ఫోన్ నంబర్ ఉండాలి. లీష్‌ని మణికట్టుకి చుట్టుకోకండి, వేళ్ళు విరిగినవాళ్ళున్నారు. దూరంగా కుక్క కనబడగానే మన చెయ్యి దానంతటదే లీష్ బిగిస్తుంది, ఆ బిగువు కుక్కకి వార్త చేరవేస్తుంది. చెయ్యి నడుముకి ఆనించి, లీష్ కాస్త వేలాడేలా ఉంచండి.

ముళ్ళ బెల్టులూ, షాక్ బెల్టులూ, లాగితే మెడకి బిగుసుకునే చోక్ చైన్లూ గురించి. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అని పెరిగినవాళ్ళం మనం. ఎదుటి కుక్క కనబడినప్పుడల్లా మెడలో నొప్పి పుడితే, మన కుక్క నేర్చుకునేది ఏంటి? కుక్కలు కనబడితే నొప్పి వస్తుందని. భయం రెట్టింపవుతుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మానదు, ఇక మీదట హెచ్చరిక లేకుండా కరుస్తుంది. నువ్వు దానికి లీడర్‌వి కావాలి, ఆల్ఫా కావాలి, అంటే గుంపుని ఏలే పెద్ద కావాలి అని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాట 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే జంతు శాస్త్రవేత్త జూలో బంధించిన తోడేళ్ళ మీద రాసిన దాని నుంచి పుట్టింది. దానికి బాగా ప్రచారం తెచ్చినవాళ్ళలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశారు. అమెరికాలో జంతు ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో శిక్షలు వద్దు, బహుమతుల పద్ధతే వాడండి అని స్పష్టంగా చెప్పింది. ఇంకో మాట, భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుని నిమిరితే భయం పెరుగుతుందన్నది కూడా ఉత్తదే. మీ కాళ్ళ దగ్గరికి వచ్చి నక్కితే నిమరండి.

శిక్షణకి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నొప్పి ఉన్న కుక్క దూరం కావాలని ఇంకా గట్టిగా అడుగుతుంది. ప్రవర్తన సమస్యలతో నిపుణుల దగ్గరికి పంపిన కుక్కల్లో, పిల్లుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకి ఏదో ఒక నొప్పి ఉంటుందని పశువైద్య పరిశోధకుడు డేనియల్ మిల్స్ బృందం 2020లో అంచనా వేసింది. మన దగ్గర టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, వచ్చి తగ్గిన కుక్కలకి కీళ్ళు పట్టేసినా చాలారోజులు ఎవరూ గమనించరు. మందులంటే భయపడకండి. ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటిన్ అనే మందు కుక్కలకి చాలాకాలంగా ఇస్తున్నారు, పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. ఇంట్లో ఎవరివో మాత్రలు ఉన్నాయి కదా అని సగం విరిచి వేయకండి.

ఇంకొకటి, అన్నీ ఒకేరోజు మీద పడనివ్వకండి. రాత్రంతా పెళ్ళి బారాత్ బ్యాండ్, పొద్దున్నే ఇంట్లో ప్లంబర్, మధ్యాహ్నం టీకా. అలాంటి రోజు సాయంత్రం రోజూ ఊరుకునే కుక్కని చూసి కూడా మొరుగుతుంది. మనకీ అంతే కదా, ఆఫీసులో తిట్లు తిని, ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుని వచ్చాక ఇంట్లో స్పూన్ కింద పడినా అరుస్తాం. బోనాల డప్పులు, వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి వారం, ఆ రోజుల్లో వాకింగ్ మానేయండి. వాకింగ్ మానేస్తే పాపం చుట్టుకోదు. ఒంటికీ రెంటికీ తీసుకెళ్ళి తెచ్చేయండి, టెర్రస్ మీద పాత టవల్‌లో తిండి చుట్టి దాచిపెట్టండి, అట్టపెట్టెల్లో కాగితం ముక్కల మధ్య చల్లండి, ముక్కుతో వెతుక్కోనివ్వండి. ఇరవై నిమిషాలు అలా వెతికిన కుక్క బాగా అలిసిపోతుంది. ఎండాకాలం సంగతి మీకు తెలుసు, చేతి వెనకభాగం తారు రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలకీ కాలుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక పెద్దాయన): మొరిగే కుక్క కరవదంటారు కదమ్మా. మరి ఇంత హడావుడి ఎందుకు?

లేదండీ, ఆ సామెతని నమ్ముకోకండి. భయంతో మొరిగే కుక్క మూలకి నెట్టబడితే కరుస్తుంది. ఎవరికైనా పన్ను దిగితే, పెంపుడు కుక్కైనా వీధి కుక్కైనా, వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్ళి ఆయన చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి. మీ కుక్కకి ఏటా రేబిస్ టీకా వేయించి కార్డు దాచండి. వీధి కుక్క మీ కుక్కని కరిచినా సరే, టీకా ఉంది కదా అని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న (ఒకావిడ): మనం జాగ్రత్తగానే ఉంటాం మేడమ్. ఎదుటివాళ్ళు "మావాడు ఏమీ అనడండీ" అంటూ వదిలేసుకుని వచ్చేస్తారు. ఏం చేయాలి?

వాళ్ళవాడు ఏమీ అనడు, మనవాడు అంటాడు. (నవ్వులు) విదేశాల్లో దూరం కావాల్సిన కుక్కకి పసుపు రిబ్బన్ కడతారు. ఇక్కడ కడితే ఇంట్లో ఏదైనా శుభకార్యమా అని దగ్గరికొచ్చి అడుగుతారు. అందుకని నోటితో చెప్పాలి. "భయపడుతుందండీ" అంటే జనం ఆగరు, "అయ్యో, మాకు కుక్కలంటే ఇష్టం" అని ఇంకా దగ్గరికొస్తారు. "దీనికి చర్మవ్యాధి ఉంది, మీ వాడికి అంటుకుంటుంది" అనండి. తక్షణం ఆగుతారు. అబద్ధమే. నేను వాడతాను, సిగ్గుపడను.

కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కట్టిన డాగ్ పార్క్ ఉంది కదా, అక్కడ పదిమందితో కలిపితే అలవాటవుతుందా అని చీటీ పంపారు ఎవరో. వద్దండీ. పార్కు మంచిదే, కలివిడిగా ఉండే కుక్కలకి. భయపడే కుక్కని అక్కడ వదిలితే ఈత రానివాణ్ణి బావిలో తోసినట్టే. కావాలంటే పార్కు బయట, చాలా దూరంలో కారులో కూర్చుని, అద్దంలోంచి చూస్తూ ముక్కలు తినిపించండి. అది మంచి పాఠం.

ప్రశ్న (ఒక కుర్రాడు): ఎన్నాళ్ళకి మామూలైపోతుంది?

ఒక్కో కుక్కకీ ఒక్కోలా ఉంటుంది నాన్నా. మూడు వారాల వయసు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో గదిలోనో పంజరంలోనో గడిపిన కుక్కకి తర్వాత ప్రతిదీ కొత్తే, ప్రతిదీ భయమే. మీ కుక్క ఎదురుపడ్డ ప్రతి కుక్కతో ఆడుకునే రోజు రాకపోవచ్చు. వీధి అవతల కుక్క పోతుంటే చూసి, తల తిప్పుకుని, నీ చేతిలో ముక్క తిని నడవడం, అది చాలా కుక్కలకి వస్తుంది. కొన్ని నెలలు పెట్టుకో. కుక్కపిల్లల్ని తెచ్చుకునేవాళ్ళకి మాత్రం ఒక మాట, టీకాలన్నీ అయ్యేదాకా నాలుగు నెలలు తలుపులు వేసి ఉంచకండి. నేల మీద దింపకుండా చంకలోనో సంచిలోనో పెట్టుకుని ఊరంతా చూపించండి.

ప్రశ్న (మొదటి ఆవిడే): మూతికి తొడిగే మజిల్ పెడితే కుక్కని శిక్షించినట్టు ఉండదా? చూసేవాళ్ళు భయపడరా?

భయపడనివ్వండి, దూరంగా ఉంటారు, మనకి కావాల్సిందీ అదే కదా. గుడ్డతో మూతి బిగించేది మాత్రం కొనకండి. కుక్క ఒంటి వేడి ఎక్కువగా రొప్పడం ద్వారానే తగ్గించుకోవాలి, నోరు మూసేస్తే మన ఎండలకి ప్రాణం మీదికొస్తుంది. బుట్టలా ఉండేది కావాలి, అందులో నోరు తెరిచి రొప్పాలి, నీళ్ళు తాగాలి, పక్క నుంచి ముక్క పెడితే తినగలగాలి. తెచ్చిన రోజే మూతికి తగిలించేయకండి. వారం రోజులు దాన్ని గిన్నెలా వాడండి, లోపల పెరుగు రాసి నాకనివ్వండి, దానంతటదే మూతి దూర్చడం మొదలుపెట్టాక పట్టీ బిగించండి. వెనక టేబుల్ మీద మూడు సైజులు పెట్టాను, చూసుకోండి. కొలత తెలియనివాళ్ళు ఇంటికెళ్ళాక కళ్ళకి కొంచెం కింద నుంచి ముక్కు కొస దాకా పొడవు, అక్కడే మూతి చుట్టుకొలత, కుక్క నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు టేపుతో కొలిచి నాకు వాట్సాప్ చేయండి.